సాయంత్రమైతే ఎరుపుని నారింజ అంటోంది: రూబిక్స్ క్యూబ్ రోబోకి సాయం కావాలి

ప్రశ్న: నమస్కారమండీ. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, కెమెరా, చెప్పిన కోణానికి తిరిగే రెండు సర్వో మోటార్లతో రూబిక్స్ క్యూబ్ సాల్వ్ చేసే రోబో కడుతున్నాను. ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. పొద్దున కిటికీ పక్కన బాగానే పనిచేస్తుంది. సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద ఎరుపు గడుల్ని నారింజ అనేస్తోంది, ఏ పొర ఎటు తిప్పాలో లెక్కగట్టే కొసియెంబా సాల్వర్ ప్రోగ్రాం ఈ క్యూబ్ చెల్లదని ఆగిపోతోంది. సాల్వర్ మార్చాలా? ఆదివారం మా అబ్బాయి స్నేహితులకి చూపిస్తానని మాటిచ్చాను, టెన్షన్‌గా ఉంది.

జవాబు: సాల్వర్ జోలికి వెళ్లకండి. హెర్బర్ట్ కొసియెంబా 1992లో ఇచ్చిన రెండు దశల పద్ధతి అది, ఎంతోమంది వాడుతున్నదే. ఎంత కలిపేసిన క్యూబ్‌నైనా 20 తిప్పుళ్లకు మించకుండా సాల్వ్ చేయొచ్చని 2010లో తేలింది. చెల్లదని చెబుతోందంటే గడికొక్క రంగు అక్షరం చొప్పున మీరు దానికి పంపిన 54 అక్షరాల్లోనే తప్పుంది.

హ్యూ, అంటే ఏ రంగో చెప్పే అంకె, ఇంతకంటే తక్కువైతే ఎరుపు అని గీత గీసుకున్నారా? బొమ్మల్ని చదివే ఓపెన్‌సీవీ లైబ్రరీలో హ్యూ 0 నుంచి 179 దాకా ఉంటుంది, ఎరుపు ఆ రెండు కొసల్లోనూ ఉంటుంది. 178 ఎరుపే, 2 కూడా ఎరుపే. నారింజ ఆ పక్కనే మొదలవుతుంది. కాస్త వెలుతురు మారిందంటే ఆ గీత పనికిరాదు.

గీతలు తీసేయండి. 54 గడులూ చదివాకే ఏది ఏ రంగో తేల్చండి. ముఖాల మధ్యగడులు ఆరూ ఒకదానికొకటి స్థానం మారవు కాబట్టి అవే మీ కొలమానం. రంగుల మధ్య తేడాని మన కంటికి కనిపించే తీరుకి దగ్గరగా కొలిచే ల్యాబ్ (Lab) అంకెల్లోకి మార్చి, ఏ గడి ఏ మధ్యగడికి దగ్గరో చూసి, ఒక్కో రంగుకి సరిగ్గా 9 వచ్చేలా పంచండి. చదువుతున్నంతసేపూ కెమెరా తనంతట తానే రంగునీ వెలుతురునీ సర్దుకునే ఆటో వైట్ బ్యాలెన్స్, ఆటో ఎక్స్‌పోజర్ ఆపేయాలి, లేకపోతే ముఖం ముఖానికీ రంగు మారిపోతుంది. తెల్ల మధ్యగడి మీద కంపెనీ ముద్ర ఉంటే దాన్ని తప్పించి గడి మూలన కొలవండి.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. రాత్రి కూడా 9 చొప్పునే వస్తున్నాయి. అయినా చెల్లదంటోంది!

జవాబు: అయితే రంగులు కుదిరాయి, ఏదో ముఖం తిరగబడి చదువుతోంది. రోబో క్యూబ్‌ని దొర్లించినప్పుడు ఇది మామూలే. సాల్వ్ అయిన క్యూబ్ తీసుకుని కుడి పొరని సవ్యదిశలో ఒక్కసారి తిప్పి చదివించండి. పై ముఖంలో కుడి నిలువు వరుసకి ముందు రంగు రావాలి, వెనక ముఖంలో ఎడమ వరుసకి పై రంగు రావాలి. వెనక ముఖాన్ని వెనక నుంచే చూస్తాం కాబట్టి అక్కడ ఎడమ అవుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

ఇంకో మాట. పిల్లలు ఎప్పుడైనా ముక్కలు ఊడదీసి పెట్టారా? ఎలా పడితే అలా బిగిస్తే 12లో ఒక్కసారే సాల్వ్ అయ్యే క్యూబ్ వస్తుంది. ముందు ఒకసారి చేత్తో సాల్వ్ చేసి చూసుకోండి.

ప్రశ్న: దొరికిందండీ! వెనక ముఖంలో పై రంగు కుడి వరుసలో కనిపించింది. ఆ తొమ్మిది అక్షరాల్ని తిరగేసి పెట్టగానే సాల్వర్ జవాబిచ్చింది. రాత్రి పదకొండింటికి మా అబ్బాయిని నిద్ర లేపి మరీ చూపించాను. కానీ పొర తిరిగాక కొంచెం వంకరగా ఆగి, తర్వాతి తిప్పుడుకి ఇరుక్కుంటోంది.

జవాబు: పట్టుకునే గూడుకీ క్యూబ్‌కీ మధ్య సందు ఉంటుంది కదా, అందుకే. 90 దగ్గర ఆపకుండా కొన్ని డిగ్రీలు దాటించి వెనక్కి తెండి. ఎన్ని డిగ్రీలో మీ గూడుని బట్టి, ఒక్కొక్కటిగా పెంచి చూసుకోండి. సర్వోలకి కరెంటు రాస్ప్‌బెర్రీ పై నుంచి తీసుకోకుండా విడిగా 5 వోల్టులు ఇవ్వండి, గ్రౌండ్ మాత్రం రెండిటికీ కలపండి.