మట్టిలో దాచిన మందు: 'ప్రకృతిసిద్ధం' అంటే సరిపోతుందా?

బనశంకరి కోడలు:
మా అత్తయ్య షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ 1000 వాడుతోంది. గొంతు దిగట్లేదని అడకత్తెరతో మాత్రని రెండు ముక్కలు చేసి మింగుతోంది. వికారం, విరేచనాలు మొదలయ్యాక గానీ నాకు తెలియలేదు. ఎస్‌ఆర్ అంటే నెమ్మదిగా ఊరాల్సిన మందు, విరిస్తే త్వరగా బయటపడుతుందట. షాపులో ఒక్కరూ చెప్పలేదు. బంకమన్ను పొరల్లో మందు ఎక్కించి, సముద్రనాచు ఆల్జినేట్ పూత వేసే పద్ధతి గురించి చదివాను. రేణువు రేణువుకీ పూత ఉంటే మాత్ర విరిగినా ఫరవాలేదు కదా? రసాయనాల కంటే మట్టే నయం అంటాను.

పీణ్య ఫార్ములేషన్:
ఆలోచన మంచిదేనమ్మా, కానీ మెట్‌ఫార్మిన్‌కి మాత్రం కుదరదు. మీరు చెప్పే బంకమన్ను రకం, మాంట్‌మోరిల్లొనైట్, దాని పొరలకి నెగటివ్ ఛార్జి ఉంటుంది, మధ్యలో సోడియం అయాన్లు ఉంటాయి. పాజిటివ్ ఛార్జి ఉన్న మందు వాటిని తోసి ఆ చోట్లో కూర్చుంటుంది. గ్రాము మట్టిలో ఉన్న చోటు సుమారు ఒక మిల్లీమోల్ (అణువుల సంఖ్యని లెక్కించే కొలత) మందుకి సరిపోతుంది. 500 మి.గ్రా. మెట్‌ఫార్మిన్ మూడు మిల్లీమోల్స్. అంటే మూడు గ్రాముల మట్టి, 1000కి ఆరు గ్రాములు! అదే బీపీకి వాడే ప్రొప్రనోలాల్ 40 మి.గ్రా.కి 150 మి.గ్రా. మట్టి చాలు. నేను పట్టుబట్టేది అలాంటి మందుల కోసమే.
పూత ఎందుకంటే, వట్టి మట్టిలోని మందుని కడుపులోని ఆమ్లం, ఉప్పు బయటికి తోసేస్తాయి. ఆల్జినేట్ ఆమ్లంలో ముడుచుకుని, పేగుల్లో ఉబ్బి వదులవుతుంది. రొయ్య పెంకుల చిటోసాన్ అలా కాదు, ఆమ్లంలోనే కరుగుతుంది. అదొక్కటే పూస్తే పని జరగదు.

కె.ఆర్.పురం నుంచి:
'మట్టే నయం' అన్న మాటే నాకు భయం. 2019లో ఫ్రాన్స్ మందుల నియంత్రణ సంస్థ, మట్టితో చేసిన విరేచనాల మందులు రెండేళ్లలోపు పిల్లలకి వద్దంది. కారణం సీసం జాడలు. తవ్విన చోటుని బట్టి మట్టి మారుతుంది. రోజూ ఏళ్ల తరబడి మింగేవాళ్ల సంగతేంటి? పైగా అది పక్క మాత్రల మందునీ పట్టేసుకోగలదు.

పీణ్య ఫార్ములేషన్:
సీసం విషయంలో మీరే రైటు, ప్రతి బ్యాచ్‌కీ పరీక్ష ఉండాల్సిందే. అలాగని మొత్తం కొట్టేయకండి. శుద్ధిచేసిన బెంటొనైట్, అంటే ఈ రకం మట్టే, మందుల తయారీలో ఎప్పటినుంచో ఉంది.

బనశంకరి కోడలు:
ఆరు గ్రాములంటే చెంచాడు మట్టి! షుగర్ మాత్ర వరకు నా వాదన వెనక్కి తీసుకుంటున్నా. డాక్టర్ గారు 500వి రెండు రాశారు, చిన్నవి, బాగానే దిగుతున్నాయి. ఒక్క మాట: చిటోసాన్ వాడితే డబ్బా మీద తెలుగులోనో కన్నడలోనో రాయాలి. మా అత్తయ్య నీచు ముట్టదు.