ఐదేళ్ల తర్వాత మళ్లీ బీజీఎంఐ: ముగ్గురం ఇక్కడ, ఒకడు డాలస్‌లో

గూడెం జిరాక్స్:

నమస్తే అండి. తాడేపల్లిగూడెంలో జిరాక్స్, రీఛార్జ్ షాపు నాది. 2020 లాక్‌డౌన్‌లో షట్టర్ సగం దించుకుని లోపల పబ్జీ ఆడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మొత్తం నలుగురం: నేను, మా పెదనాన్నగారి అబ్బాయి, పక్క సందులో ఉండే స్నేహితుడు, మా బావమరిది. సెప్టెంబర్ 2న నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఉన్నా, ఫోన్‌లో ఉన్నది నడుస్తోంది కదా అని అక్టోబర్ 30న సర్వర్లు మూసేదాకా వదల్లేదు. ఆ ఆఖరి రాత్రి ఆటలోని పోచింకి అనే ఊళ్లో దిగి, తుపాకీ దొరక్కముందే నలుగురం పోయాం.

తర్వాత పాప పుట్టింది, షాపు పెరిగింది. 2021 జూలైలో పబ్జీ బదులు ఇండియా కోసం బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చిందంటే చూద్దాంలే అనుకున్నాను. 2022లో మళ్లీ తీసేశారు, మనకెందుకులే అనుకున్నాను. 2023లో తిరిగొచ్చినప్పుడు పట్టించుకోనే లేదు. పోయిన నెల పాప నిద్రపోయాక ఏమీ తోచక దించుకున్నాను.

మొదటి దెబ్బ అక్కడే. పాత అకౌంట్ రాలేదు. వెతికితే తెలిసింది, పాత పబ్జీ డేటాను 2021 డిసెంబర్ 31లోపే మార్చుకోవాలట. తప్పు నాదే. కానీ నాలుగు వేలు పోసి కొన్న డ్రెస్సులూ తుపాకీ స్కిన్‌లూ అన్నీ పోయి, కొత్తవాడిలా బనియన్‌తో విమానంలో నిలబడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

రెండో దెబ్బ ఇంకా ఘోరం. మొదటి మూడు మ్యాచ్‌లలో వరసగా చికెన్ డిన్నర్, అంటే గెలుపు. ఒకదానిలో 14 కిల్స్! స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. మా ఆవిడకు అర్థం కాకపోయినా చప్పట్ల బొమ్మ పెట్టింది. నాలుగో మ్యాచ్ నుంచి మనుషులు వచ్చారు. ఇక అంతే. నేను స్కోప్ తెరిచేలోపు ఎదుటివాడు వంగి, పక్కకి ఒరిగి, కాల్చి, నేను చచ్చాక మిగిలిన సామాన్ల పెట్టె వెతుక్కుని వెళ్లిపోతున్నాడు.

నా ప్రశ్నలు రెండే. ముప్పై ఆరేళ్ల బొటనవేళ్లతో మళ్లీ దారిన పడాలంటే దేనితో మొదలుపెట్టాలి? మా బావమరిది ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. వాణ్ణి మా స్క్వాడ్‌లోకి తెచ్చుకునే దారి ఏదైనా ఉందా? అసలు వాడే మా కెప్టెన్. జోన్ (ఆటలో చిన్నదవుతూ పోయే సురక్షిత వలయం) ఎటు వస్తుందో వాడు చెప్పేవాడు, మేం పరిగెత్తేవాళ్లం.

ఓరుగల్లు స్నైపర్:

అన్నా, ఆ మొదటి మూడు మ్యాచ్‌లలో నువ్వు చంపినవాళ్లు మనుషులు కారు, బాట్‌లు, అంటే ఆటే నడిపే బొమ్మలు. కింది ర్యాంకుల్లో ఎక్కువ అవే ఉంటయ్. నిటారుగా నిలబడి కాలుస్తయ్, తిన్నగా నడుస్తయ్. గ్రూప్‌లో పెట్టిన స్క్రీన్‌షాట్ తీసెయ్ అన్నా, ఎవరన్నా తెలిసినోడు చూస్తే పరువు పోతది.

ఇగ వేళ్ల సంగతి. వయసు కాదన్నా, జైరోస్కోప్ (ఫోన్ కదలికను పట్టే సెన్సర్). నువ్వు 2020లో బొటనవేలితోనే గురి చూసి ఉంటావ్. ఇప్పుడు నీకు ఎదురొచ్చేటోళ్లలో చానామంది ఫోన్‌ని వంచి గురి చూస్తున్నరు. స్ప్రే చేసేటప్పుడు, అంటే ఆపకుండా కాల్చేటప్పుడు, తుపాకీ పైకి ఎగురుతది కదా, ఫోన్‌ని కొద్దిగా వంచితే గురి కిందికి దిగుతది, వేలికి ఆ బరువు ఉండదు. సెట్టింగ్స్‌లో జైరో 'ఆల్వేస్ ఆన్' పెట్టు. మొదటి వారం వాంతి వచ్చినట్టు ఉంటది, ఓర్చుకో. యూట్యూబ్‌లో చూసి సెన్సిటివిటీ కోడ్ (గురి ఎంత వేగంగా కదలాలో చెప్పే సెట్టింగ్‌లు) మాత్రం ఎత్తుకోకు. వాడి ఫోన్ వేరు, నీ ఫోన్ వేరు. ట్రైనింగ్ గ్రౌండ్‌కి పోయి ఎం416 తుపాకీ పట్టుకుని గోడ మీద కాలుస్తూ ఉండు. ముందు రెడ్ డాట్ స్కోప్, అది కుదిరినంక మూడింతలు దగ్గరగా చూపే 3ఎక్స్. గుండ్లు ఒక్క చోట పడేదాకా నంబర్లు నువ్వే అటూ ఇటూ జరుపుకోవాలె.

ఏకేఎం తుపాకీ జోలికి ఇప్పుడే పోకు. ఎం416కి తగిలించే కాంపెన్సేటర్, గ్రిప్, స్టాక్ మూడూ దొరికితే చాలు, నీలాంటోడి చేతిలో కూడా నిలబడతది. రోజూ రెండు టీడీఎంలు (టీం డెత్‌మ్యాచ్, రెండు జట్ల చిన్న పోరు) వేర్‌హౌస్ మ్యాప్‌లో ఆడు. చచ్చినా వెంటనే లేస్తవ్, పావుగంట సామాన్లు ఏరుకుని (లూట్ చేసి) ఒక్క గుండుకి పోయే బాధ ఉండదు.

టెక్సాస్ తెలుగోడు:

బావమరిది విషయం నేను చెప్తాను, ఎందుకంటే నాదీ అదే గోల. బీజీఎంఐ ఇండియా కోసం విడిగా తెచ్చిన ఆట. ఇక్కడ మాకు వచ్చేది పబ్జీ మొబైల్. చూడ్డానికి ఒకటే, ఎరాంగెల్ మ్యాప్ ఒకటే, తుపాకులు ఒకటే. కానీ సర్వర్లు వేరు, ఫ్రెండ్ లిస్ట్ వేరు. మీ ఐడీ అతను వెతికినా దొరకదు. వీపీఎన్ పెట్టి ఏదో చేయొచ్చని చెప్పేవాళ్లుంటారు, దాని జోలికి వెళ్లొద్దు. అకౌంట్ పోతే ఈసారి అడగడానికి కూడా మొహం ఉండదు.

ఒక దారి ఉంది. కంప్యూటర్‌లో ఆడే పబ్జీ 2022 జనవరి 12 నుంచి ఉచితం. అందులో వేర్వేరు దేశాల వాళ్లు ఒకే టీంలో చేరొచ్చు. నేను హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడితో అలాగే ఆడాను. అయితే ఎవరో ఒకరికి పింగ్ (సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం) రెండొందల మిల్లీసెకన్లు దాటుతుంది. తలుపు వెనక దాక్కున్నానని నేననుకుంటాను, అవతలివాడికి నేనింకా బయటే కనపడుతుంటాను. మేం నవ్వుకోవడానికి ఆడతాం కాబట్టి సరిపోయింది. షాపులో ఉన్న కంప్యూటర్ మాత్రం నమ్ముకోకండి, జిరాక్స్ తీసే మిషను ఈ ఆటను మోయదు.

లెవెల్ వన్ బ్యాగు:

అంకుల్, ఒక చిన్న మాట (అంకుల్ అన్నందుకు కోపం వద్దు, నాది ఇంటర్, నాకు రోజుకి మూడు గంటలే ఆట). మీరు చూసిన ఎరాంగెల్ ఇప్పుడు లేదు. దాన్ని 2020 సెప్టెంబర్‌లోనే కొత్తగా మార్చారట, అప్పటికే మన దగ్గర నిషేధం. అందుకే మీకు తెలిసిన గోడలు, మెట్లు కొన్నిచోట్ల ఉండవు. ముందు ఊరికే తిరిగి చూడండి. ఇంకోటి, చచ్చిపోతే ఆట అయిపోయినట్టు కాదు. మీ వాళ్లు రీకాల్ చేస్తే తిరిగి రావచ్చు. వెంటనే లాబీకి (ఆట మొదటి తెరకి) వెళ్లిపోకండి, మీలాంటి పెద్దవాళ్లు అదే చేస్తారు, మాకు ఒళ్లు మండుతుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేసి వైరువి పెట్టుకోండి. అడుగుల చప్పుడు ఆలస్యంగా వినిపిస్తే ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా లాభం లేదు.

గూడెం జిరాక్స్:

అంకుల్ అన్నందుకు కోపం లేదు బాబూ, లాబీకి వెళ్లిపోతున్నది నేనే.

అందరికీ థాంక్స్. పది రోజులైంది. జైరో మొదటి మూడు రోజులు నిజంగానే కడుపులో తిప్పింది. కరెంటు బిల్లు కట్టడానికి వచ్చిన ఒకాయన, నేను ఫోన్ పట్టుకుని ఊగుతుంటే "ఒంట్లో బాగుందా?" అని అడిగారు. షాపులోనే పాత వైరు ఇయర్‌ఫోన్లు ఒక జత దొరికాయి. మెట్ల మీద ఎవడు ఎక్కుతున్నాడో ఇప్పుడు ముందే తెలుస్తోంది. తెలిసినా చస్తున్నాననుకోండి, అది వేరే విషయం. నిన్న వేర్‌హౌస్‌లో 40-38తో గెలిచాం, అందులో నావి పదకొండు. ఈసారి మనుషులే. స్క్రీన్‌షాట్ ఎక్కడా పెట్టలేదు.

కంప్యూటర్ కొనే స్తోమత ఇప్పుడు లేదు. అందుకని ఇలా చేశాం. రాత్రి తొమ్మిదిన్నరకి, వాడికి పొద్దున పదకొండు, మా బావమరిదిని కాల్‌లో పెట్టి మా అన్నయ్య ఫోన్ స్క్రీన్ వాడికి చూపిస్తున్నాం. వాడు ఆడడు, ఊరికే చెప్తాడు. జోన్ విషయంలో ఇప్పటికీ వాడి లెక్క తప్పదు. ఒక్కటే ఇబ్బంది, కాల్ కొంచెం ఆలస్యం. మొన్న ఆఖరి సర్కిల్‌లో ముగ్గురం వరసగా పడిపోయి స్క్రీన్ మీద ఫలితాలు వచ్చేశాక, అటునుంచి వాడి కేక: "బావా, చెట్టు వెనకాల! చెట్టు వెనకాల ఉన్నాడు!"