పాత పేము మంచం: బాగు చేయించాలా, స్టోరేజీ దివాన్‌గా మార్చాలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మా అత్తవారింటి వరండాలో ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న పాత టేకు మంచం ఒకటి ఉంది. ఒక చివర తలగడలా వంపు తిరిగి లేచి ఉంటుంది, రెండో చివర చదును. నడుమంతా పేము అల్లిక. మామగారి నాన్నగారు భోజనమయ్యాక దాని మీదే నడుం వాల్చేవారట. ఇప్పుడు అల్లిక మధ్యలో తెగింది. రెండు కోళ్లు కదులుతున్నాయి. కింద సన్నటి పొడి రాలుతోంది.

పేము తీసేసి ప్లైవుడ్ కొట్టించి, అడుగున సొరుగులు పెట్టిద్దామని మావారంటున్నారు. పాత సామాన్లు కొనే ఆయన వచ్చి పదిహేను వేలు ఇస్తానన్నాడు. మామగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆయన పగలు కూర్చోవడానికి, కాసేపు ఒరగడానికి హాల్లో ఏదో ఒకటి కావాలి. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు (రాయగడ నుంచి)

అక్కా, అమ్మకం మాట ముందు పక్కన పెట్టండి. అడిగిన రోజే ధర చెప్పి తొందరపెట్టేవాళ్లకు మన వస్తువు విలువ మనకన్నా బాగా తెలిసే ఉంటుంది. ఫర్నిచర్‌ను యాంటిక్ అనాలంటే మామూలుగా నూరేళ్లు దాటాలి, అంతకన్నా చిన్నదైతే వింటేజ్ అంటారు. మీది ఏదో తేలాక ధర సంగతి మాట్లాడొచ్చు.

జవాబు (బరంపురం నుంచి, పాత కలప పనిలో ముప్పై ఏళ్లు)

అమ్మా, ముందు మంచాన్ని మెల్లగా పక్కకు వంచి అడుగుభాగం చూడండి. పైన పాలిష్ ఎన్ని రంగులైనా వేస్తారు, అడుగున మాత్రం అసలు కలప కనిపిస్తుంది. పట్టెల చివర చెక్కిన కూసాలు (నాలుకలు) కోళ్లలోకి దిగి, చెక్క చీలలతో బిగించి ఉన్నాయా? ఎక్కడైనా నక్షత్రం గాటు (ప్లస్ గుర్తులా ఉండేది) ఉన్న స్క్రూలు కనిపిస్తే, ఆ స్క్రూ 1930ల్లో వచ్చిన రకం. కాబట్టి స్క్రూ ఉన్నచోట మంచం అంతకన్నా కొత్తదైనా అయి ఉండాలి, లేదా తర్వాత ఎవరో చెయ్యి పెట్టి ఉండాలి.

తర్వాత పేము. చట్రం చుట్టూ వరసగా బెజ్జాలు వేసి, ఒక్కొక్క పేము వాటిలోంచి దూర్చి అల్లారా? లేక గాడిలో నొక్కి పెట్టిన షీటా? బెజ్జాలుంటే అది చేతి అల్లిక. దాన్ని చేత్తోనే అల్లించాలి. గాడి కొట్టి షీటు పెడతామంటే ఒప్పుకోకండి, ఆ బెజ్జాల దగ్గర పట్టె బలం పోతుంది.

ఇక పాలిష్. కనపడనిచోట ఒక చుక్క స్పిరిట్ వేసి చూడండి. జిగురుగా మారితే అది లక్క పాలిష్.

ప్రశ్న అడిగినవారు

చూశాను బాబాయ్‌గారూ. బెజ్జాలే ఉన్నాయి, చెక్క చీలలూ ఉన్నాయి. నక్షత్రం స్క్రూలు అడ్డకర్రకు మాత్రమే ఉన్నాయి. స్పిరిట్ వేస్తే వేలికి అంటుకుంది. పొడి ఒక పట్టె అంచు నుంచే వస్తోంది, మట్టి గూళ్లు లేవు.

జవాబు (బరంపురం)

చాలా మంచి మాట చెప్పారు. ఆ అడ్డకర్ర తర్వాత వేసిన ఆసరా అయి ఉంటుంది, మిగతా మంచం జోలికి ఎవరూ వెళ్లలేదు. మట్టి గూళ్లు లేవు, రాలేది సన్నటి పొడి కాబట్టి చెద కాకపోవచ్చు, పొడి పురుగే అయి ఉంటుంది. ఈ పురుగు టేకు చేవను ముట్టదు. అంచున ఉండే తెల్లచెక్కనే తింటుంది. అందుకే ఒక్క అంచు నుంచే రాలుతోంది. మంచాన్ని ఆరుబయట నీడలో పెట్టి, కలపకు వాడే పురుగుమందును సిరంజితో ఒక్కో రంధ్రంలోకి ఎక్కించి, పాలిథీన్ చుట్టి వారం ఉంచండి. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. ఆ తర్వాత రంధ్రాలను మైనంతో మూసేయండి. మళ్లీ పురుగు పడితే కొత్త రంధ్రం ఇట్టే తెలుస్తుంది.

కోళ్లు కదిలితే మేకులు కొట్టనివ్వకండి. కలప చీలుతుంది, తర్వాత ఎవరూ విప్పలేరు. చీలలు తీసి, పాత బంకను వేడినీళ్లతో మెత్తబరిచి గీకి, కొత్త బంక పెట్టి, ఒక రాత్రి బిగించి ఉంచాలి.

ఇంకొక్క మాట, మనసులో ఉన్నది చెబుతున్నాను. మా అమ్మ మంచాన్ని ఒక షాపులో ఇస్తే, యంత్రంతో చిత్రిక పట్టి పైన పీయూ (పాలియురేతేన్) కోటింగ్ వేశారు. కొత్తదానిలా తళతళలాడింది. అరవై ఏళ్లుగా చేతులు తగిలి వచ్చిన నునుపు ఒక్క మధ్యాహ్నంలో పోయింది. ఇప్పటికీ దాన్ని చూస్తే బాధే. లక్క పాలిష్‌ను గీకక్కర్లేదు. తుడిచి, పైన మళ్లీ లక్క పూస్తే చాలు.

1950ల్లో చండీగఢ్ ఆఫీసుల కోసం ఆర్కిటెక్ట్ పియేర్ జెనరే టేకుతో, పేముతో చేయించిన కుర్చీలను తర్వాత తుక్కు కింద అమ్మేశారు. ఇవాళ విదేశాల వేలంపాటల్లో అవి లక్షలు పలుకుతున్నాయి. మీ మంచానికి అంత వస్తుందని కాదు, టేకు, పేము ఉన్న వస్తువును పనికిరానిదని తేల్చేయొద్దని చెప్పడానికే.

జవాబు (రాయగడ)

బావగారికి సొరుగులు కావాలంటే సొరుగులున్న దివాన్ విడిగా కొత్తది కొనుక్కోండి అక్కా. మన వైపు వానాకాలం తేమకు పార్టికల్ బోర్డు ఉబ్బుతుంది, స్క్రూ పట్టు వదిలేస్తుంది. ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్) ముద్ర ఉన్నది అడగండి, మామూలు వాడకానికి వచ్చే ఐఎస్ 303 కన్నా అది నీటిని బాగా ఓర్చుకుంటుంది. పరుపు ఫోమ్ రోజూ కూర్చునేదైతే 40 డెన్సిటీ (ఘనపు మీటరుకు 40 కిలోలు) ఉండాలి. కింద నుంచి రెండో మంచం లాగే రకం కొంటే, చక్రాలు నేలమీద నడిచేవే చూడండి.

ప్రశ్న అడిగినవారు

నేల నుంచి పేము వరకు 17 అంగుళాలు ఉంది. మామగారికి సరిపోతుందా? పైన పరుపు వేయాలా?

జవాబు (బరంపురం)

సరిగ్గా సరిపోతుంది. మోకాళ్ల నొప్పులవాళ్లకు మరీ కిందికి ఉంటేనే లేవడం కష్టం. ఆరంగుళాల పరుపు వేస్తే 23 అవుతుంది, కాళ్లు నేలకు ఆనవు. పలచని దూది బొంత చాలు. అయితే రెండున్నర అడుగుల లోతులో వెనక్కి జారగిలపడితే నడుముకు ఆసరా ఉండదు. సోఫా లోతు 20, 22 అంగుళాలే ఉంటుంది. ఆ తేడా పూడ్చడానికే పూర్వం బాలీసులు వేసేవాళ్లు. మంచాన్ని గోడకు ఆనించి, గట్టిగా దూది కూరిన బాలీసులు రెండు వెనక వేయండి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

పేము అల్లే ఆయన దొరికారు. వరండాలోనే నాలుగు రోజులు కూర్చుని, పేమును నీళ్లలో నానబెట్టుకుంటూ ఆరు వరసల్లో అల్లారు. ఆరాక డప్పులా బిగిసింది. మావారు కూడా సొరుగుల మాట మానేశారు. మామగారు నిన్న మధ్యాహ్నం గంటన్నర పడుకున్నారు. మళ్లీ వదులైతే ఏం చేయాలి బాబాయ్‌గారూ?

జవాబు (బరంపురం)

చాలా సంతోషం అమ్మా. వదులైతే మెరుపు లేని అడుగు వైపు నుంచి గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తడిపి, నీడలో ఆరనివ్వండి, మళ్లీ బిగుస్తుంది. పిల్లల్ని మాత్రం పేము మీద మోకాళ్లతో ఎక్కనివ్వకండి.