చెడు వార్త చెప్పడం హౌస్ సర్జన్లకు ఎలా నేర్పాలి?

ప్రశ్న (గుంటూరు):
హౌస్ సర్జన్లకు రెండు గంటల క్లాసు పెట్టాలి. చెడు వార్త ఎలా చెప్పాలో చూపే, 2000లో వచ్చిన ఆరు మెట్ల స్పైక్స్ పద్ధతిని గడగడా అప్పజెప్పేస్తారు గానీ, పేషెంటు ఎదుట రిపోర్టు చదివేసి లేచిపోతారు. సాధన ఎలా చేయించాలి?

జవాబు 1:
లెక్చర్ పది నిమిషాలు చాలండి. తర్వాత ముగ్గురేసి కూర్చోబెట్టండి: డాక్టరు, పేషెంటు, గమనించేవాళ్లు. ఎనిమిది నిమిషాలు మాట, ఏడు నిమిషాలు చర్చ, ఆపై పాత్రలు మార్చాలి.

మొదట "మీకు ఇంతవరకు ఏం చెప్పారమ్మా?" అని అడగాలి. "కొంచెం బాధపెట్టే విషయం చెప్పాలి" అని ఆగాలి. తర్వాత ఒకే వాక్యం: "బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది." గడ్డ అని దాటేస్తే మాత్రలతో పోతుందనుకుని మళ్లీ రారు.

ఆ వాక్యం తర్వాత పది సెకన్లు మౌనం. గమనించేవాళ్లు లెక్కపెట్టాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: మౌనం భరించలేక కీమో వివరాలు మొదలెడతారు. ఆ షాకులో అవేవీ చెవికెక్కవు.

జవాబు 2 (విజయవాడ):
మన దగ్గర అసలు చిక్కు వార్డు బయట వరండాలో. "నాన్నకి చెప్పొద్దండీ" అంటాడు కొడుకు. దీన్ని విడి కేసుగా పెట్టి తీరాలి. వాదించకూడదు, మాట ఇవ్వకూడదు. "చెబితే ఏమవుతుందని భయం బాబూ?" అని అడిగి వినాలి. తర్వాత పెద్దాయన్నే అడగాలి: "వివరాలన్నీ మీకు చెప్పమంటారా, మీ అబ్బాయికా?"

ప్రశ్న వేసినవారు:
పేషెంటు పాత్ర నర్సులకు ఇవ్వొచ్చా?

జవాబు 1:
తప్పకుండా. డాక్టరు వెళ్లాక పేషెంటు ఏమడుగుతారో వాళ్లకే బాగా తెలుసు.