మావెరిక్ అంటే అచ్చోసిన ఆంబోతేనా?

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు: "పార్టీలోనే ఉంటూ పార్టీ మాట వినని ఎమ్మెల్యేని ఇంగ్లీషు పేపర్లు మావెరిక్ అంటాయి. తెలుగులో ఏమనాలి?" వెంటనే కింద ముగ్గురు "అచ్చోసిన ఆంబోతు" అని రాసేశారు. నాకూ నవ్వొచ్చింది. కానీ రెండు మాటలూ ఎక్కడ పుట్టాయో చూస్తే, ఒకటి రెండోదానికి సరిగ్గా తలకిందులు.

మావెరిక్ ఒక మనిషి ఇంటిపేరు. శామ్యూల్ మావెరిక్ 1803లో సౌత్ కరోలినాలో పుట్టాడు, యేల్ కాలేజీలో చదివాడు, లాయరయ్యాడు. 1835లో టెక్సస్ చేరి, మరుసటేడే మెక్సికో నుంచి విడిపోతున్నామన్న ప్రకటన మీద సంతకం చేశాడు. 1839లో శాన్ ఆంటోనియో మేయర్. 1842లో మెక్సికో సైన్యం ఊరి మీద పడి ఇతన్ని పట్టుకెళ్ళి పెరోటే కోటలో పెట్టింది. ఆయన జైల్లో ఉండగానే ఊరివాళ్ళు, అప్పటికి విడి దేశంగా ఉన్న టెక్సస్ కాంగ్రెస్‌కి, అంటే పార్లమెంటుకి, ఎన్నుకున్నారు! 1850ల్లో, టెక్సస్ అమెరికాలో కలిశాక, రాష్ట్ర శాసనసభలో మళ్ళీ మళ్ళీ కూర్చున్నాడు. భూమంటే మాత్రం పిచ్చి, లక్షల ఎకరాలు పోగేశాడు.

పశువుల మీద మాత్రం ఆసక్తి లేదు. ఎవరో 1200 డాలర్ల బాకీ కింద 400 పశువుల్ని అంటగడితే తీసుకుని, సముద్రపొడ్డున మటగోర్డా అనే చోట వదిలేశాడు. అప్పటికి అక్కడ ముళ్ళకంచెలు లేవు. అందరి పశువులూ ఒకే బయలులో మేసేవి. ఎవరి దూడ ఎవరిదో తెలియాలంటే ఎర్రగా కాల్చిన ఇనుముతో తొడ మీద వాత పెట్టాల్సిందే. మావెరిక్ దూడలకి ఆ వాత సరిగ్గా పడేది కాదు. దాంతో వాత లేని దూడ ఎక్కడ కనబడ్డా "అది మావెరిక్‌ది" అనడం మొదలైంది. 1856లో ఆయన మందని అమ్మేశాడు, పేరు మాత్రం మిగిలిపోయింది. తర్వాత ఏ గుర్తూ లేని దూడ మావెరిక్, ఏ పార్టీ గుర్తుకీ లొంగని నాయకుడూ మావెరిక్.

దూడలు నొప్పితో అల్లాడతాయని జాలిపడి వాత పెట్టలేదని ఒక కథ చెబుతారు. గుర్తులేనివన్నీ తనవేనని లాక్కోవడానికి వేసిన ఎత్తు అని ఇంకో కథ. నాకైతే ఉత్త నిర్లక్ష్యమే అనిపిస్తుంది. ఇంకోటి కూడా చెప్పాలి: ఆ మందని చూసుకున్నది ఆయన బానిసలు. స్వేచ్ఛకి మారుపేరైన దూడల్ని కాసినవాళ్ళకే స్వేచ్ఛ లేదు.

ఇప్పుడు మన ఆంబోతు. పోయినవాళ్ళ పేరున కర్మలో కోడెకి శంఖచక్రాలో త్రిశూలమో కాల్చి అచ్చు వేసి వదిలేసేవారు. ఆ అచ్చు ఉంది కాబట్టే అది ఎవరి చేలో పడినా కొట్టరు, బందెలదొడ్డికి తోలరు, అరక కట్టరు. అంటే టెక్సస్‌లో వాత లేనిది ఎవరిదీ కాదు, మన దగ్గర వాత ఉన్నదే ఎవరిదీ కాదు. పైగా మనది తిట్టు. పనీపాటా లేకుండా ఊరి మీద పడి తిరిగేవాణ్ణి అంటాం. పార్టీతో విభేదించిన ఎమ్మెల్యేని అలా రాస్తే పరువునష్టం దావా ఖాయం.

నా ఓటు "ముక్కుతాడు పడని మనిషి"కి.

కింద ఒక మేష్టారి అభ్యంతరం: "ముక్కుతాడు పడలేదంటే ఇంకా పడాల్సి ఉందనే కదండీ? మెచ్చుకోలు ఏదీ అందులో?"

నిజమే మేష్టారూ, కొంచెం ఆ వాసన ఉంది. కానీ ఇంగ్లీషు మాటలోనూ పూర్తి మెచ్చుకోలు లేదు. పార్టీ పెద్దలు అన్నప్పుడు విసుగు, పేపరువాళ్ళు రాసినప్పుడు ముచ్చట. "తిరుగుబాటుదారు"లో విసుగే ఉంది, "స్వతంత్రుడు" అంటే ఇండిపెండెంట్‌గా గెలిచినవాడు అనుకుంటారు. అందుకే పశువు దగ్గరే ఆగాను.

అన్నట్టు, శామ్యూల్ మావెరిక్ మనవడు మోరీ మావెరిక్ కూడా రాజకీయ నాయకుడే. ఆఫీసు మెమోల్లో అర్థంకాని భాష చూసి ఒళ్ళు మండి, 1944లో ఆయన పుట్టించిన మాటే గాబుల్డీగూక్. టర్కీ కోడి కూత విని అలా పెట్టాడట. మన జీవోల తెలుగు చదివినవాళ్ళు దానికి తెలుగు మాట మొదలుపెట్టండి, నేను టీ తాగొస్తా.