చేలో ఎర్ర మేకులు దిగేసి వెళ్లారు: గ్యాస్ పైపులైను వద్దని పోరాడినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

ఎకరంన్నర_రైతు:
అందరికీ నమస్కారం. మాది ఎకరంన్నర చేను. పాస్‌బుక్ నాన్న పేరు మీద ఉంది, సాగు నేను చేస్తున్నాను. పోయిన మంగళవారం పొద్దున్నే నీళ్లు మళ్లిద్దామని వెళ్తే గట్ల మీద ఎర్ర రంగు పూసిన కొయ్య మేకులు కనిపించాయి. ఒకటి ఈ గట్టు మీద, ఇంకొకటి ఎదురు గట్టు మీద. రెంటికీ తాడు కట్టి చూస్తే సరిగ్గా మా బోరు పక్కనుంచి పోతోంది. ఎవరు పెట్టారని అడిగితే ఊళ్లో ఎవరికీ తెలియదు. సాయంత్రం వీఆర్వో గారిని అడిగితే గ్యాస్ పైపులైను సర్వే అన్నారు.

నిన్న పంచాయతీ ఆఫీసు బోర్డుకి గెజెట్ కాగితం అంటించారు. అందులో మా సర్వే నంబరు ఉంది. పక్కన మూడు గడుల్లో 00, 12, 00 అని అంకెలు. ఎంత పోతుందో దాన్ని బట్టి నాకేమీ అర్థం కాలేదు. ఊరి మొత్తం మీద 40కి పైగా సర్వే నంబర్లున్నాయి. రేపు సాయంత్రం రామాలయం దగ్గర అందరం కూర్చుంటున్నాం. వద్దనే అందరి మాట. ఇంతకుముందు ఈ బాధ పడ్డవాళ్లు ఏం చేశారో, ఏం చేయక నష్టపోయారో చెప్పండి. అమ్మకి రెండు రోజులుగా నిద్ర లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది.

కోర్టు_మెట్లు:
నేను వకీలు దగ్గర జూనియర్‌గా పని చేస్తున్నాను, ఇలాంటి కాగితాలు కొన్ని చూశాను. ముందు మీ అంకెల సంగతి. ఆ మూడు గడులు హెక్టార్లు, ఆరులు, చదరపు మీటర్లు. 12 ఆరులంటే 1200 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 30 సెంట్లు. పైపు కోసం తీసుకునే పట్టీ వెడల్పు 20 మీటర్లయితే మీ చేలో 60 మీటర్ల పొడవున వెళ్తోందన్నమాట.

దీనికి 1962లో చేసిన కేంద్ర చట్టం ఉంది. పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల కోసం భూమిలో వాడుక హక్కు తీసుకునే చట్టం. ఇందులో భూమి కొనరు. పాస్‌బుక్‌లో పేరు మీదే ఉంటుంది. కానీ ఆ పట్టీలో ఇక ఇల్లు కట్టకూడదు, బావి గాని చెరువు గాని తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి, పెసర, మినుము లాంటివి వేసుకోవచ్చు. 2013 భూసేకరణ చట్టంలో రైతుల అంగీకారం, సామాజిక ప్రభావ అంచనా ఉన్నాయి కదా అని చాలామంది ఆశ పెట్టుకుంటారు. ఆ చట్టం 4వ షెడ్యూల్లోనే ఈ 1962 చట్టాన్ని మినహాయింపుల జాబితాలో పెట్టారు.

అందుకే మీ చేతిలో ఉన్నది 21 రోజులు. మీరు చూసింది 1962 చట్టం సెక్షన్ 3(1) కింద ఇచ్చే నోటిఫికేషన్ అయి ఉంటుంది. గెజెట్ ప్రతులు జనానికి అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి 21 రోజుల లోపల రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలని అందులోనే రాసి ఉంటుంది, చూడండి. ఇవ్వాల్సింది కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ చట్టం కింద కేంద్రం నియమించిన అధికారికి. కలెక్టర్‌కో ఎమ్మెల్యేకో ఇచ్చి ఊరుకుంటే చట్టం దృష్టిలో ఇవ్వనట్టే. గడువులో ఇస్తే మిమ్మల్ని పిలిచి వినాలి, మీ తరఫున వకీలు కూడా రావచ్చు. ఆ అధికారి ఇచ్చే నిర్ణయమే ఖాయమని సెక్షన్ 5 చెప్తుంది. కాబట్టి ఆ ఒక్క విచారణకి తయారై వెళ్లాలి.

పొలంలో దిగి సర్వే చేసే అధికారం కూడా నోటిఫికేషన్ తర్వాతే వస్తుంది. ముందే మేకులు పాతారు కాబట్టి ఆ సంగతీ రాయండి.

గోదావరి_గట్టు:
బాబూ, మాది కోనసీమ. వద్దనడానికి మా దగ్గర కారణం వెతుక్కోనక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకున్నప్పుడు నాకు పదకొండేళ్లు. 65 రోజులు మండింది. రాత్రిళ్లు మా పెరట్లో దీపం అవసరం ఉండేది కాదు.

2014 జూన్ 27 మాత్రం చిన్నతనపు జ్ఞాపకం కాదు. తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం అనే ఊళ్లో తాటిపాక నుంచి వెళ్లే పైపు పగిలి అంటుకుంది. 20 మందికి పైగా పోయారు. చాలామంది నిద్రలో ఉన్నారు. మా చిన్నాన్న వాళ్ల ఇల్లు అక్కడికి దగ్గరే. మేం వెళ్లేసరికి కొబ్బరిచెట్లు నిలబడే ఉన్నాయి గాని తలలు లేవు, నల్లటి స్తంభాల్లా ఉన్నాయి. ఇంటి ముందు సైకిల్ టైర్లు కరిగి నేలకి అంటుకుపోయాయి. లీకు ఉందని ముందే చెప్పామని ఊరివాళ్లు పేపర్ల వాళ్ల ముందు ఏడ్చారు. ఆ పైపులో గ్యాస్‌తో పాటు నీరు, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే ద్రవ ఇంధనం) కూడా పోవడం వల్ల లోపల తుప్పు పట్టిందని తర్వాత విచారణలో తేలింది.

మీ అభ్యంతరంలో ఇది తప్పకుండా అడగండి. ఏ గ్యాస్ వెళ్తుంది, ఎంత ఒత్తిడితో వెళ్తుంది, ఊరికి ఎంత దూరం, లోపల తుప్పు ఎన్నాళ్లకొకసారి పరీక్షిస్తారు, లీకైతే ఎటువైపు పరుగెత్తాలో ఊరికి ఎవరు చెప్తారు? ఇంట్లో సిలిండర్ గ్యాస్‌కి వాసన కలుపుతారు కాబట్టి పసిగడతాం. దూరాలకు వెళ్లే పెద్ద లైన్లలో ఆ వాసన మామూలుగా కలపరు. ఈ సంగతి మా ఊళ్లో సగం మందికి ఇప్పటికీ తెలియదు.

కొంగునాటి_తెలుగు:
మాది కోయంబత్తూరు దగ్గర, తరతరాలుగా ఇంట్లో తెలుగే. కొచ్చి నుంచి బెంగళూరు, మంగళూరు వైపు వేసే లైను మా ఏడు జిల్లాల్లో, సుమారు 310 కిలోమీటర్లు, పొలాల మీదుగానే గీశారు. మేం పోరాడాం. 2013లో ప్రభుత్వం రైతులని పిలిచి వింది. ఆ తర్వాత జయలలిత గారు పొలాల్లో వద్దు, జాతీయ రహదారి వెంట వేసుకోండి అని ప్రకటించారు. ఆ రోజు మా ఊళ్లో పండగే. కానీ అదే ఏడాది హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా మాకు వ్యతిరేకంగానే చెప్పింది. ఇది కేంద్ర చట్టం కింద జరిగే పని, రాష్ట్రం ఆపలేదన్నారు.

నేను నేర్చుకున్నది చెప్తాను. ముఖ్యమంత్రి మన వైపు ఉన్నారన్న ధీమాతో మా ఊళ్లో చాలామంది ఒక్కొక్కరుగా కాగితం పెట్టలేదు. అందరి తరఫున ఒకటే వినతిపత్రం, కింద 200 సంతకాలు. విచారణలో ఫలానా సర్వే నంబరు రైతు ఏమన్నాడని అడిగితే చూపించడానికి కాగితం లేదు. మీరు ఆ తప్పు చేయకండి. సభలు పెట్టుకోండి, రోడ్డు మీద కూర్చోండి, నేను కూడా కూర్చున్నాను. కానీ ఏ సర్వే నంబరు కాగితం ఆ సర్వే నంబరుదే.

అయినా పోరాటం వృథా అని మాత్రం అనను. కోర్టులో ఓడినా ఏళ్ల తరబడి మా పొలాల్లో పని సాగలేదు. పక్కన కేరళలో 2017లో ముక్కం దగ్గర జనం రోడ్డెక్కాక అక్కడి ప్రభుత్వం పరిహారం పెంచింది, 10 సెంట్ల లోపు ఉన్నవాళ్లకి 5 లక్షలు అదనంగా ఇచ్చింది. లైను ఆగలేదు, పూర్తయి 2021 జనవరిలో ప్రారంభమైంది. కానీ నోరు విప్పకపోతే ఆ మాత్రమూ వచ్చేది కాదు.

పొయ్యి_వెలుగు:
నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. దేశానికి గ్యాస్ కావాలి. ఎరువుల ఫ్యాక్టరీలు దాంతోనే నడుస్తాయి, ఆ యూరియా మనమే చల్లుతాం. లారీల్లో తేవడం కంటే పైపులో తేవడమే నయం. ప్రతి ఊరూ వద్దంటే ఎక్కడ వేస్తారు?

గోదావరి_గట్టు:
అమ్మా, గ్యాస్ వద్దని నేనెక్కడన్నాను? మా కాళ్ల కింది నుంచే పోతోంది. పడుకున్నవాళ్ల పక్కనుంచి వేయవద్దు, వేసింది పాతబడితే పట్టించుకోండి అంటున్నాం. దేశం కోసం అన్నప్పుడు ఆ భారం 30 సెంట్లు పోయే రైతు ఒక్కడే మోయాలా?

పొయ్యి_వెలుగు:
అది న్యాయమైన ప్రశ్నే. ఒప్పుకుంటున్నాను.

పాత_గొలుసు:
నేను పైపులైన్ల సర్వేలో 14 ఏళ్లు కాంట్రాక్టు మీద పని చేశాను. అంటే మీ గట్ల మీద మేకులు దిగేసిన వాళ్లలో ఒకడిని. ఇప్పుడు మానేశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

లైను గీసేవాళ్లు ఆఫీసులో శాటిలైట్ బొమ్మ మీద గీస్తారు. మీ బోరు ఆ బొమ్మలో కనపడదు. మీ తాతగారి సమాధీ కనపడదు. చూపించాల్సింది మీరే. "పైపులైను మాకొద్దు" అని ఒక్క ముక్క రాస్తే దాన్ని పక్కన పెట్టడం వాళ్లకి తేలిక. "ఫలానా గట్టు నుంచి తూర్పుకి జరిపితే ప్రభుత్వ మురుగు కాలువ గట్టు వెంట వెళ్లవచ్చు, ఒక్క బోరు కూడా పోదు" అని చేతి గీతతో నక్షా గీసి ఇస్తే, ఎందుకు కుదరదో వాళ్లు చెప్పుకోవాల్సి వస్తుంది. నేను పని చేసిన చోట్ల లైను మళ్లిన ప్రతిసారీ ఇలాంటి కాగితం వల్లే మళ్లింది. అరుపుల వల్ల మళ్లడం నేను చూడలేదు, కాకపోతే ఆ అరుపులు ఉన్న ఊళ్లో కాగితాన్ని కాస్త శ్రద్ధగా చదివేవారు. పైపులు తెచ్చి గట్టున పరిచాక మాత్రం ఇక జరపరు.

ఆ 1962 చట్టంలో సెక్షన్ 7 చదవండి. నోటిఫికేషన్ నాటికి నివాసంగా వాడుతున్న భూమి, ఇంటిని ఆనుకుని ఆ ఇంటికి చెందిన జాగా, శాశ్వత కట్టడం ఉన్న చోటు, వీటి కింద పైపు వేయకూడదు. మీటరు కంటే తక్కువ లోతులో ఎక్కడా వేయకూడదు. మీ బోరుకి మోటారు షెడ్డు కట్టి ఉంటే ఈ రోజే తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పైపు కోసం కాలువ తవ్వేటప్పుడు పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోయించండి. జేసీబీ వాడికి రెండూ ఒకటే. ఒక ఊళ్లో నల్లరేగడి కిందికి పోయి, అడుగున ఉన్న తెల్ల సుద్ద పైకి తేలింది. రెండేళ్ల తర్వాత అటు వెళ్తే చేను మధ్యలో పాపిడి తీసినట్టు తెల్లటి చార, దాని మీద వరి మోకాలెత్తు కూడా లేదు. మిగతా చేనంతా నడుమెత్తు. ఆ రైతు నన్ను గుర్తుపట్టి పలకరించాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కౌలు_చేను:
నాది మూడో రకం బాధ. చేను నాది కాదు, కౌలుకి చేస్తున్నాను. ఈనిక దశలో ఉన్న వరి తొక్కించేసి లైను వేశారు. పంచనామా రోజు నన్ను పక్కకి నిలబెట్టి, పట్నంలో ఉండే యజమానికి ఫోన్ చేసి ఆయన పేరే రాసుకున్నారు. పంట డబ్బు ఆయన ఖాతాలో పడింది. ఆయన మంచివాడే, సగం ఇచ్చాడు. విత్తనం, ఎరువు, కూలి అన్నీ నావే. ఆ మిగతా సగం నా కూతురి కాలేజీ ఫీజు.

కోర్టు_మెట్లు:
అక్కా, సెక్షన్ 10లో పరిహారం యజమానికే అని లేదు. భూమిలో ఆసక్తి ఉండి నష్టపోయిన ఎవరికైనా అని ఉంది. పంట సాగుదారు హక్కు కార్డు (సీసీఆర్సీ) ఉంటే జిరాక్స్ జత చేసి కౌలు రైతు తన పేరుతోనే అడగాలి. చెట్లు, పంట, ఇతర నష్టం ఒక లెక్క. అది కాక నోటిఫికేషన్ తేదీ నాటి మార్కెట్ విలువలో 10 శాతం భూమి వాడుక హక్కుకి. ఆ మొత్తం ఒప్పుకోకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు. ఎకరంన్నర గారూ, మీ ఊళ్లో కౌలు చేసేవాళ్లని కూడా రేపు రామాలయం దగ్గరికి పిలవండి.

పాత_గొలుసు:
పంచనామా గురించి నాదీ ఒక మాట. ఖాళీ గడులున్న కాగితం మీద సంతకం పెట్టకండి. "తర్వాత నింపుకుంటాం" అంటారు. చెట్టు వయసు, పంట నెల, తెగిన డ్రిప్ పైపు ఎన్ని మీటర్లు, అన్నీ మీ కళ్ల ముందు రాయించి, సంతకం చేశాక ఫొటో తీసుకోండి.

ఎకరంన్నర_రైతు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. రామాలయం దగ్గర మొదటి రోజు బాగా గొడవైంది. కుర్రాళ్లు మేకులు పీకేద్దామన్నారు. పీకితే కేసు మన మీదకి వస్తుందని పెద్దవాళ్లు ఆపారు. మీ అందరి మాటలూ ఫోన్లో చదివి వినిపించాను. నగరం సంగతి చదువుతుంటే ఎవరూ మాట్లాడలేదు.

18వ రోజుకి 38 కాగితాలు తయారయ్యాయి. ఎవరి సర్వే నంబరుకి వాళ్లదే. అందులో ఆరు కౌలు రైతులవి. మా ఊరి టెన్త్ పిల్లలు కూర్చుని రాశారు, చదువురాని వాళ్లవి వాళ్లకే తిరిగి చదివి వినిపించి వేలిముద్ర వేయించారు. మురుగు కాలువ గట్టు వెంట మళ్లిస్తే 11 బోర్లు మిగులుతాయని నక్షా కూడా జత చేశాం. ఆఫీసులో మొదట అన్నీ కలిపి ఒకే రసీదు ఇస్తామన్నారు. కోయంబత్తూరు అన్న మాట గుర్తుంది. మధ్యాహ్నం భోజనం మానుకుని అక్కడే కూర్చుంటే 38కీ విడివిడిగా ముద్ర వేసి ఇచ్చారు. అమ్మ మా రసీదు పాస్‌బుక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బాలో దాచింది.

విచారణ వచ్చే సోమవారం. మేకు ఇంకా బోరు పక్కనే ఉంది. బోరు వేయించినప్పటి బిల్లు దొరికింది. అసలు కాగితం ఇచ్చేయాలా, జిరాక్స్ సరిపోతుందా?

కోర్టు_మెట్లు:
జిరాక్సే ఇవ్వండి. అసలుది చూపించి వెనక్కి తెచ్చుకోండి. మీరు చెప్పింది రాసుకున్నాక ఆ కాపీ ఒకటి అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు. నాన్నగారిని కూడా తీసుకెళ్లండి, పాస్‌బుక్ ఆయన పేరు మీద ఉంది కదా.