గోల్కొండ ముట్టడి మీద ఆట: ముగింపు తెలిసిన కథను ఎలా నడపాలి?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పోషిస్తూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్‌లో మా బృందానికి కొత్త కథ అల్లుతున్నాను. కాలం 1687. బయట ఔరంగజేబు సైన్యం, లోపల తానీషా. దాదాపు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లంచం తిన్నవాడు తలుపు తీయడంతో కోట పడింది. ఆడేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు, నా తలనొప్పి అదే. ఎలాగూ పడిపోయే కోట కోసం పాచికలు వేయడం ఎందుకని అడుగుతారు. అడగాలి కూడా.

అందుకే లక్ష్యం మార్చాను. కొల్లూరు గనిలో దొరికిన ఒక వజ్రం కోటలో ఉంది. దాన్ని ముట్టడి దాటించి మచిలీపట్నం రేవుకు చేర్చాలి. అక్కడ డచ్చివాళ్లకు అమ్ముతారో, ఇంగ్లీషువాళ్లకు అమ్ముతారో ఆటగాళ్ల ఇష్టం.

ఒక్క ఘట్టం మాత్రం బాగా కుదిరింది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తుంది కదా! అక్కడ చడీచప్పుడు లేకుండా నడవాల్సిన పాత్రకు పాచిక తప్పితే, కొండ మీద కాపలావాళ్లు లేచి కూర్చుంటారు.

మిగతాదానికే మీ సలహా కావాలి. నెలల తరబడి సాగే ముట్టడిని విసుగు పుట్టకుండా ఎలా చూపించాలి? తిండిగింజల లెక్క పెడితే చాలా, ఇంకేమైనా ఉందా? ద్రోహి పాత్రను ఆటగాళ్లలో ఒకరికి రహస్యంగా ఇవ్వవచ్చా? ఇస్తే స్నేహాలు చెడతాయేమోనని భయం. ఎగిరే మంత్రం తెలిసినవాడుంటే కోటగోడలకు విలువేముంటుంది? మంత్రాలు పూర్తిగా తీసేయమని మాత్రం చెప్పకండి, మావాళ్లు ఒప్పుకోరు.